ఫెర్రైట్ పొడి తయారీ, సింటరింగ్: ఇనుము లెక్క తప్పకుండా చేసుకునే పద్ధతి

ఐరన్ ఆక్సైడ్‌ను మరొకటి రెండు లోహాల ఆక్సైడ్లతో కలిపి, కాల్చి, నూరి, అదిమి, మళ్ళీ కాల్చితే వచ్చే అయస్కాంత పింగాణీనే ఫెర్రైట్ అంటారు. పొడిని కాల్చే మొదటి కాల్పు కాల్సినేషన్, అదిమిన ముక్క కణాలు అతుక్కుని గట్టిపడేలా చేసే చివరి కాల్పు సింటరింగ్. 1930లో జపాన్‌లో యోగోరో కాటో, తకేషి తకేయి వీటిని కనుగొన్నారు. ఆ పరిశోధన ఆధారంగానే 1935లో టీడీకే సంస్థ ఏర్పడింది. 1940లలో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో స్నూక్ మాంగనీస్-జింక్, నికెల్-జింక్ ఫెర్రైట్లను వాడుకకు అనువుగా తీర్చిదిద్దాడు. వాటి అయస్కాంతత్వం ఎలా పుడుతుందో 1948లో లూయీ నీల్ సిద్ధాంతరీత్యా వివరించాడు. తీగ చుట్టే లోహపు కోర్లలో (అయస్కాంత దిమ్మెలలో) అధిక పౌనఃపున్యం వద్ద సుడి ప్రవాహాలు పుట్టి శక్తి వేడిగా వృథా అవుతుంది. ఫెర్రైట్ ఆక్సైడ్ కాబట్టి దానిలో విద్యుత్తు సులభంగా ప్రవహించదు, అందుకే ఆ నష్టం చాలా తక్కువ.

అయితే ఆ నిరోధకత దానంతట అది వచ్చేది కాదు. స్ఫటికంలోని ఇనుమంతా మూడు ధనావేశాల ఫెర్రిక్ రూపంలో ఉన్నంతవరకే అది నిలుస్తుంది. కొంత ఇనుము రెండు ధనావేశాల ఫెర్రస్ రూపంలోకి మారిందంటే, ఎలక్ట్రాన్ ఒక ఇనుము అయాను నుంచి పక్కనున్న మరొక దానికి దూకడానికి దారి దొరుకుతుంది, నిరోధకత పడిపోతుంది. తూకం వేసే పళ్ళెం దగ్గర మొదలుపెట్టి కొలిమి చల్లారేవరకు, ఇనుము ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది అన్న లెక్కను ఒక్క దశలోనూ వదలకూడదని నా గట్టి అభిప్రాయం. సింటరింగ్ ఉష్ణోగ్రతను పదేపదే మార్చి చూస్తూ కాలం గడిపేవారిని చాలామందిని చూశాను. వారి ఇబ్బందికి మూలం ఎక్కువసార్లు కొలిమిలో కాక, అంతకు మూడు రోజుల ముందు వేసిన తూకంలోనో, బాల్ మిల్లులో (గుండ్లు వేసి తిప్పి నూరే జాడీలో) అరిగిన ఉక్కు గుళ్ళలోనో ఉండేది.

ఇక్కడ నికెల్, జింక్ సమాన భాగాలుగా ఉన్న నికెల్-జింక్ ఫెర్రైట్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. దీన్ని మామూలు గాలిలోనే కాల్చవచ్చు కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి ఇది తగినది. మాంగనీస్-జింక్ రకానికి ఆక్సిజన్ నియంత్రణ కావాలి. దాని సంగతి తరువాత చెబుతాను.

ముడి పదార్థాలు, తూకం

నికెల్ ఆక్సైడ్ అణుభారం 74.69, జింక్ ఆక్సైడ్‌ది 81.38, ఫెర్రిక్ ఆక్సైడ్‌ది 159.69. అర మోల్ నికెల్ ఆక్సైడ్, అర మోల్ జింక్ ఆక్సైడ్, ఒక మోల్ ఫెర్రిక్ ఆక్సైడ్ కలిపితే మొత్తం 237.73 గ్రాములు అవుతుంది. 100 గ్రాముల మిశ్రమానికి ఇది నికెల్ ఆక్సైడ్ 15.71, జింక్ ఆక్సైడ్ 17.12, ఫెర్రిక్ ఆక్సైడ్ 67.17 గ్రాములుగా వస్తుంది. పుస్తకాల్లో కనిపించే సూత్రానికి సరిపోయే తూకం ఇదే. కానీ ఆచరణలో ఈ తూకంతో మొదలుపెట్టడం మంచిది కాదు. ఫెర్రిక్ ఆక్సైడ్ 50 మోల్ శాతాన్ని (మొత్తం మోల్‌లలో సగాన్ని) ఏ మాత్రం దాటినా, మిగిలిన ఇనుము కొలిమి వేడిలో ఫెర్రస్ రూపంలోకి మారి, స్పినెల్ అనే ఫెర్రైట్ స్ఫటిక నిర్మాణంలో చేరిపోతుంది. పైగా మిల్లు గోడల నుంచి, గుళ్ళ నుంచి వచ్చే ఇనుము ఎప్పుడూ కూడికే తప్ప తీసివేత కాదు. అందువల్ల మొదటే 49.5 మోల్ శాతం దగ్గర ఆగడం క్షేమం. అప్పుడు 100 గ్రాములకు ఫెర్రిక్ ఆక్సైడ్ 66.73, నికెల్ ఆక్సైడ్ 15.92, జింక్ ఆక్సైడ్ 17.35 గ్రాములు తీసుకోవాలి.

ఈ అంకెలు స్వచ్ఛమైన, పొడి ఆక్సైడ్లకు వర్తిస్తాయి. సీసాలో ఉన్న పొడి అలా ఉండదు. జింక్ ఆక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. నికెల్ ఆక్సైడ్‌లో ఒక్కోసారి పూర్తిగా విఘటనం చెందని కార్బొనేట్ మిగిలి ఉంటుంది. ప్రతి ముడి పొడి నుంచి రెండు మూడు గ్రాములు క్రూసిబుల్‌లో తూచి, 800 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక గంట ఉంచి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి మళ్ళీ తూచాలి. జింక్ ఆక్సైడ్ 1.2 శాతం తగ్గిందనుకుంటే, 17.35ను 0.988తో భాగించి 17.56 గ్రాములు తీసుకోవాలి. సీసా మీద రాసిన స్వచ్ఛత శాతానికి కూడా ఇదే విధంగా సవరణ చేయాలి. ఒకసారి ఈ పరీక్షను అనవసరమని వదిలేసి, వానాకాలమంతా మూత వదులుగా ఉన్న డబ్బాలోని పొడిని నేరుగా తూచాను. ఆ విడత కోర్ల నిరోధకత ఎందుకు పడిపోయిందో తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. జింక్ తక్కువ పడితే లెక్కలో ఇనుము ఎక్కువైనట్లే కదా.

ఐరన్ ఆక్సైడ్ ఎంపికలో రసాయన స్వచ్ఛతతో పాటు మరి రెండు విషయాలు చూడాలి. పరిశ్రమలో వాడే ఐరన్ ఆక్సైడ్‌లో చాలా భాగం ఉక్కు రేకులను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుభ్రం చేయగా మిగిలిన ద్రావణాన్ని వేడి గదిలోకి తుంపరలుగా చిమ్మి తయారు చేసినది. దానిలో క్లోరైడు, సిలికా కొద్దిగా మిగిలి ఉంటాయి. సిలికా అతి స్వల్పంగా ఉన్నా, కాల్పులో ఏర్పడే స్ఫటిక రేణువుల ఎదుగుదలను అస్తవ్యస్తం చేయగలదు. కణం పరిమాణం ఒక మైక్రాన్ లోపు ఉండటం అవసరం, ఎందుకంటే ఘన స్థితిలో చర్య కణాలు తాకే చోట మొదలై లోపలికి అయాన్ల విసరణం ద్వారానే సాగుతుంది. కణం రెట్టింపైతే చర్యకు పట్టే కాలం దాదాపు నాలుగు రెట్లవుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. నికెల్ సమ్మేళనాలను మానవులలో కాన్సర్ కలిగించేవిగా అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ వర్గీకరించింది. తూకాన్ని గాలి లాగే గూటిలోనే చేయాలి, సన్నని ధూళిని ఆపగల మాస్కు, చేతి తొడుగులు ధరించాలి, ఒలికిన పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. మాంగనీస్ ధూళి నాడీ వ్యవస్థకు హాని చేస్తుంది. మాంగనీస్-జింక్ పని చేసేవారు కూడా ఈ జాగ్రత్తలన్నీ పాటించాలి.

కలపడం, ఎండబెట్టడం

పొడులను కల్వంలో పొడిగా నూరితే చూపుకు ఏకరీతిగా కనిపించినా, మైక్రాన్ స్థాయిలో అవి గడ్డలు గడ్డలుగానే ఉంటాయి. తడి బాల్ మిల్లులోనే కలపాలి. జాడీ ఘనపరిమాణంలో సగం వరకు గుళ్ళు, పొడి బరువుకు సుమారు సమానంగా అయాన్లు తీసిన నీరు సరిపోతాయి. ముద్ద పలచని మజ్జిగలా జారాలి, నీళ్ళలా కాదు. జాడీ వేగాన్ని కూడా లెక్క వేసుకోవాలి. లోపలి వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 42.3ను భాగిస్తే, గుళ్ళు గోడకు అతుక్కుపోయి తిరిగే వేగం నిమిషానికి ఎన్ని చుట్లో తెలుస్తుంది. 20 సెంటీమీటర్ల జాడీకి అది 95 దగ్గర వస్తుంది. దానిలో 70 శాతం, అంటే 66 చుట్ల వద్ద నడిపితే గుళ్ళు పైకి లేచి జారి పడుతూ బాగా నూరుతాయి. ఆరు నుంచి పన్నెండు గంటలు చాలు.

ఉక్కు గుళ్ళు వాడితే వాటిని కడిగి ఆరబెట్టి, పనికి ముందూ తరువాతా తప్పక తూచాలి. తగ్గిన బరువును 1.43తో గుణిస్తే పొడిలోకి చేరిన ఫెర్రిక్ ఆక్సైడ్ వస్తుంది. 100 గ్రాముల పొడికి 0.3 గ్రాముల ఉక్కు అరిగిందనుకుందాం. సూత్రం ప్రకారం సరిగ్గా 50 శాతంతో మొదలుపెట్టినవారి మిశ్రమం 50.16కు చేరి గీత దాటుతుంది, 49.5తో మొదలుపెట్టినవారిది 49.66 దగ్గర నిలుస్తుంది. జిర్కోనియా గుళ్ళు ఈ బెడదను దాదాపు తొలగిస్తాయి. చిన్న ప్రయోగశాలకు అవే మేలని నేను అంటాను. జాడీ గోడ ఉక్కుదైతే మాత్రం అరుగుదల లెక్క తప్పదు.

మిల్లు ఆపిన వెంటనే ముద్దను వెడల్పాటి పళ్ళెంలో పలచగా పోసి, కలుపుతూ 110 డిగ్రీల వద్ద ఆరబెట్టాలి. నికెల్ ఆక్సైడ్ సాంద్రత 6.7, జింక్ ఆక్సైడ్‌ది 5.6, ఐరన్ ఆక్సైడ్‌ది 5.2 కావడంతో, ముద్దను రాత్రంతా కదపకుండా వదిలితే బరువైనది అడుగున చేరి, పన్నెండు గంటల శ్రమ వృథా అవుతుంది.

కాల్సినేషన్, రెండవ నూరుడు

ఎండిన పొడిని జల్లించి, అలుమినా క్రూసిబుల్‌లో వదులుగా నింపి, గాలిలో 850 నుంచి 950 డిగ్రీల మధ్య మూడు గంటలు కాల్చాలి. జింక్ ఫెర్రైట్ ముందుగా, తక్కువ వేడిలోనే ఏర్పడుతుంది. నికెల్ ఆ స్ఫటికంలోకి చేరడం ఆ తరువాత, మరింత వేడిలో జరుగుతుంది. ఈ దశలో చర్య వందకు వంద శాతం పూర్తి కావలసిన పని లేదు, కానీ ఎక్కువ భాగం కావాలి. చర్యతో వచ్చే ఘనపరిమాణ మార్పు ఇప్పుడే జరిగిపోతే, చివరి కాల్పులో ముక్క వంకరపోకుండా, పగలకుండా నిలుస్తుంది. వేడి మరీ ఎక్కువైతే పొడి గట్టి గడ్డలుగా మారి, ఎంత నూరినా చురుకు తిరిగి రాదు. వేడి తక్కువైతే చివరి కాల్పులో సంకోచం అదుపు తప్పుతుంది.

కాలిన పొడి ఎర్ర మట్టి రంగు పోయి ముదురు గోధుమ లేదా నలుపు రంగులోకి వస్తుంది. కాగితం మీద చల్లి అడుగున అయస్కాంతం కదిపితే పొడి కదలాలి. జింక్ ఫెర్రైట్ ఒక్కటే గది ఉష్ణోగ్రత వద్ద అయస్కాంతానికి అంతగా లొంగదు కాబట్టి, పొడి బాగా కదిలిందంటే నికెల్ కూడా స్ఫటికంలో చేరుతోందన్నమాట. ఎక్స్-రే వివర్తన యంత్రం అందుబాటులో ఉంటే ఇంకా ఖచ్చితంగా చెప్పవచ్చు. రాగి కిరణంతో చూసినప్పుడు స్పినెల్ ముఖ్య శిఖరం 35.4 డిగ్రీల దగ్గర, చర్య జరగని హెమటైట్ (ఫెర్రిక్ ఆక్సైడ్) ముఖ్య శిఖరం 33.2 డిగ్రీల దగ్గర కనిపిస్తాయి. రెండవది చిన్నదిగా మిగిలినా పరవాలేదు. అది మొదటి దానితో పోటీపడేంత ఎత్తులో ఉంటే మళ్ళీ నూరి మళ్ళీ కాల్చాలి.

తరువాతి నూరుడు ఒక మైక్రాన్ లక్ష్యంగా పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు సాగుతుంది. సింటరింగ్‌కు సహాయపడే పదార్థాలను చేర్చవలసింది ఇప్పుడే. బిస్మత్ ఆక్సైడ్ 817 డిగ్రీల వద్దే కరిగి కణాల మధ్య ద్రవంగా పాకి సాంద్రీకరణను త్వరపరుస్తుంది. అర శాతం లోపే చాలు. నికెల్‌లో కొంత భాగానికి బదులు రాగి చేర్చిన ఫెర్రైట్లు 900 డిగ్రీల దగ్గరే గట్టిపడతాయి. 961 డిగ్రీల వద్ద కరిగే వెండి తీగలను లోపల ఉంచి, పొరలతో పాటే కాల్చే చిన్న ఇండక్టర్లకు అవి ఆధారం. మన ఉదాహరణకు ఏ సహాయకమూ అవసరం లేదు, లేకుండా నేర్చుకోవడమే మంచిది. ఇంకొక్క మాట: కాల్సినేషన్ అయిన పొడిని మాగ్నెటిక్ స్టిరర్ మీద కలపకూడదు. పొడి అంతా స్టిరర్ కడ్డీకి గుబురుగా అతుక్కుంటుంది. చేర్చిన పదార్థం మాత్రం నీటిలో తిరుగుతూ ఉంటుంది. యాంత్రికంగా తిరిగే రెక్కనే వాడాలి.

బైండర్, అదమడం

పొడిని నేరుగా డైలో (అదిమే అచ్చులో) పోస్తే అది సమంగా జారదు, అదిమిన ముక్క చేతిలో నిలవదు. పాలీవినైల్ ఆల్కహాల్‌ను 85 నుంచి 90 డిగ్రీల వేడి నీటిలో కరిగించి పది శాతం ద్రావణం చేసుకుని, 100 గ్రాముల పొడికి 10 గ్రాముల ద్రావణం కలిపితే బైండర్ (కణాలను పట్టి ఉంచే జిగురు) ఒక శాతం అవుతుంది. కొద్దిగా ఆరిన ముద్దను జల్లెడ గుండా నొక్కి, 100 నుంచి 200 మైక్రాన్ల గుళికలుగా చేసి, తేమ అర శాతం దగ్గరకు వచ్చేవరకు ఆరబెట్టాలి. కర్మాగారాల్లో ఈ పనిని స్ప్రే డ్రయ్యర్ చేస్తుంది. గుళికలకు 0.2 శాతం జింక్ స్టియరేట్ పూస్తే డై గోడల రాపిడి తగ్గుతుంది.

వలయాకారపు ముక్కకు బయటి వ్యాసం 20, లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు అనుకుంటే, అదిమే వైశాల్యం 235.6 చదరపు మిల్లీమీటర్లు. 100 మెగాపాస్కల్ ఒత్తిడికి 23.6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2.4 టన్నుల బలం కావాలి. బలాన్ని నెమ్మదిగా పెంచి, మధ్యలో ఒక్కసారి కాస్త సడలించి గాలి బయటకు పోనిచ్చి, మళ్ళీ పూర్తి బలానికి తీసుకువెళ్ళాలి. ఒత్తిడి ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. 150 మెగాపాస్కల్ దాటినకొద్దీ, బలం తీసేసినప్పుడు ముక్క వెనక్కి వ్యాకోచించి, పై భాగం టోపీలా ఊడిపోవడమో పొరలుగా చీలిపోవడమో తరచవుతుంది. ఆ చీలిక పచ్చి ముక్క మీద కంటికి కనిపించక, కాలిన తరువాతే బయటపడుతుంది. ముక్క ఎత్తుగా ఉంటే పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా అదమాలి, లేకపోతే గోడ రాపిడి వల్ల మధ్య భాగం వదులుగా మిగిలి, కాలినప్పుడు నడుము సన్నగిల్లుతుంది.

పచ్చి సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.0 గ్రాముల దగ్గర ఉండాలి. దీని నుంచి కాలిన ముక్క కొలతను ముందే ఊహించవచ్చు. చివరి సాంద్రత 5.1 అయితే, 3.0ను 5.1తో భాగించి ఘనమూలం తీసుకుంటే 0.838 వస్తుంది. అంటే ప్రతి కొలత 16 శాతం చిన్నదవుతుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసం 16.8 అవుతుంది. డైని ఈ లెక్కతోనే చేయించుకోవాలి.

సింటరింగ్

కాల్పులో ఓపిక ఎక్కువ కావలసింది మొదటి అయిదు వందల డిగ్రీలలోనే. బైండర్ ప్రధానంగా 200 నుంచి 400 డిగ్రీల మధ్య విఘటనం చెంది వాయువుగా బయటకు వస్తుంది. దానికి దారి ఇవ్వకుండా తొందరపడితే ముక్క ఉబ్బుతుంది, పగులుతుంది. అంతకన్నా హానికరమైనది మరొకటుంది. గాలి చాలకపోతే బైండర్ బొగ్గుగా మిగిలి, ఆ బొగ్గు ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్ రూపంలోకి క్షయకరిస్తుంది. ఇనుము లెక్క ఇక్కడ కూడా తప్పగలదు! కొలిమి తలుపు పై రంధ్రం తెరిచి ఉంచి, గాలి ఆడనివ్వాలి.

నేను పాటించే క్రమం ఇది. గది ఉష్ణోగ్రత నుంచి 200 డిగ్రీల వరకు నిమిషానికి రెండు డిగ్రీలు, అక్కడి నుంచి 500 వరకు నిమిషానికి ఒక్క డిగ్రీ, 500 వద్ద ఒక గంట నిలుపుదల, తరువాత 1100 వరకు నిమిషానికి నాలుగు డిగ్రీలు, 1250 వరకు రెండు డిగ్రీలు, 1250 వద్ద మూడు గంటలు, ఆపై 900 వరకు నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున దిగడం. ఇంతవరకు పదిహేడు గంటలు పడుతుంది. ఆ తరువాత కొలిమిని దానంతట అదే చల్లారనివ్వాలి. ఈ ఉష్ణోగ్రతలకు ప్లాటినం-రోడియం థర్మోకపుల్ వాడాలి. క్రోమెల్-అలుమెల్ రకాన్ని 1200 దాటిన తరువాత నమ్మకూడదు.

1100 తరువాత వేగం ఎందుకు తగ్గించాలో వివరంగా చెప్పాలి. సింటరింగ్ మొదట్లో కణాలు తాకిన చోట మెడలు ఏర్పడతాయి. తరువాత మధ్యనున్న ఖాళీలు గొట్టాల్లా ఒకదానితో ఒకటి కలిసి ఉండి, క్రమంగా సన్నబడతాయి. సాంద్రత 92 శాతం దగ్గరకు వచ్చేసరికి ఆ గొట్టాలు తెగి విడివిడి రంధ్రాలవుతాయి. రంధ్రం రేణువుల సరిహద్దు మీద ఉన్నంతవరకే దాన్ని మూసే పదార్థం ఆ సరిహద్దు వెంట వచ్చి చేరగలదు. వేడి తొందరగా పెరిగితే సరిహద్దు రంధ్రాన్ని దాటి ముందుకు పరుగెత్తుతుంది, రంధ్రం రేణువు కడుపులో చిక్కుపడుతుంది. అలా చిక్కిన రంధ్రాన్ని ఇంకెన్ని గంటలు కాల్చినా తీయలేం. అది అయస్కాంత డొమైన్ల (ఒకే దిశలో అయస్కాంతీకరణం ఉన్న చిన్న ప్రాంతాల) గోడల కదలికకు అడ్డుపడి పర్మియబిలిటీని, అంటే పదార్థం అయస్కాంత క్షేత్రానికి ఎంత తేలికగా లొంగుతుందన్న కొలతను, తగ్గిస్తుంది. కొన్ని రేణువులు మాత్రమే చుట్టుపక్కలవాటిని మింగి విపరీతంగా పెరగడం కూడా ఈ దశలోనే మొదలవుతుంది. సిలికా కలుషితం ఉంటే ఆ ప్రమాదం మరీ ఎక్కువ, అందుకే సిలికా అధికంగా ఉన్న ఇటుకల మీద ముక్కలను నేరుగా పెట్టకూడదు.

జింక్ మరొక సమస్య. 1200 డిగ్రీలు దాటిన తరువాత ముక్క పై పొర నుంచి జింక్ ఆవిరై పోతుంది. జింక్ తగ్గిన చోట ఇనుము వాటా పెరుగుతుంది, పై పొర కూర్పు లోపలి దానికి భిన్నమై ఒత్తిళ్ళు పుడతాయి. ముక్కలను అదే కూర్పు ఉన్న కాల్సిన్డ్ పొడి మీద పరిచి, పైన కూడా అదే పొడిని కప్పి, మూత ఉన్న అలుమినా పెట్టెలో కాల్చితే, ఆ పొడి ముందుగా జింక్ ఆవిరిని విడుదల చేసి ముక్కలను కాపాడుతుంది. ఈ పడక పొడిని రెండు మూడు కాల్పులకు మించి వాడకండి, అప్పటికి దానిలో జింక్ తగ్గి ఉంటుంది.

దిగేటప్పుడు నెమ్మదిగా దిగడం పగుళ్ళను నివారించడానికి మాత్రమే కాదు. అత్యధిక వేడి వద్ద గాలిలో కూడా కొంత ఇనుము ఫెర్రస్‌గా మారుతుంది. చల్లారేటప్పుడు ఆక్సిజన్ తీసుకుని అది మళ్ళీ ఫెర్రిక్ కావడానికి వ్యవధి ఇవ్వాలి.

మాంగనీస్-జింక్, స్థిర అయస్కాంత ఫెర్రైట్లు

మాంగనీస్-జింక్ రకంలో లెక్క తలకిందులవుతుంది. ఫెర్రిక్ ఆక్సైడ్‌ను కావాలనే 52 నుంచి 55 మోల్ శాతం వరకు తీసుకుంటారు, ఎందుకంటే కొద్దిపాటి ఫెర్రస్ ఇనుము స్ఫటిక అసమదిశకత్వాన్ని (దిశను బట్టి అయస్కాంతీకరణ తేలిక మారడాన్ని) రద్దు చేసి పర్మియబిలిటీని పెంచుతుంది. దానివల్ల రేణువుల లోపల నిరోధకత తగ్గుతుంది కాబట్టి, కాల్షియం ఆక్సైడ్, సిలికాలను శాతంలో వందో వంతుల మేరకు చేర్చి, రేణువుల సరిహద్దుల వద్ద పలచని నిరోధక పొర ఏర్పడేలా చేస్తారు. కాల్పు 1300 నుంచి 1380 డిగ్రీల మధ్య జరుగుతుంది. గాలిలో చల్లార్చితే మాంగనీస్, ఇనుము రెండూ ఆక్సీకరణం చెంది స్పినెల్ చెడిపోతుంది. అందుకే ఆక్సిజన్‌ను ఉష్ణోగ్రతతో పాటు తగ్గిస్తూ పోవాలి. అట్మాస్ఫియర్లలో (వాయు పీడన ప్రమాణంలో) చెప్పిన ఆక్సిజన్ పాక్షిక పీడనానికి 10 ఆధారంగా తీసుకున్న లాగరిథం, ఒక స్థిరాంకం నుంచి 14,540ను కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించగా వచ్చినదాన్ని తీసివేస్తే వస్తుంది. స్థిరాంకం కూర్పును బట్టి 7, 8ల మధ్య ఉంటుంది. 7.8 అనుకుంటే 1350 డిగ్రీల వద్ద 6.9 శాతం ఆక్సిజన్, 1100 వద్ద 0.16 శాతం, 1000 వద్ద 0.024 శాతం, 900 వద్ద పది లక్షల్లో 25 భాగాలు కావాలి. కొలిమిలో ఏ చిన్న సందు ఉన్నా కింది అంకెలు అసాధ్యం. నైట్రోజన్ పంపే ముందు గొట్టాలన్నిటినీ పరీక్షించడానికి ఒక పూట కేటాయించడం తప్పనిసరి.

స్ట్రాన్షియం, బేరియం ఫెర్రైట్లు స్థిర అయస్కాంతాలకు ఉపయోగపడతాయి. వాటిలో ఒక మోల్ కార్బొనేట్‌కు సూత్రం ప్రకారం ఆరు మోల్‌ల ఫెర్రిక్ ఆక్సైడ్ కావాలి, ఆచరణలో కాస్త తక్కువ తీసుకుంటారు. కాల్సినేషన్ 1200 డిగ్రీల పైన జరుగుతుంది. నూరుడు మాత్రం ఒక మైక్రాన్ దగ్గరకు వచ్చి తీరాలి, ఆ పరిమాణంలోనే ఒక్కో కణం ఒకే డొమైన్‌గా ఉండి అయస్కాంతత్వాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. బేరియం కార్బొనేట్ విషం అని గుర్తుంచుకోవాలి.

పరీక్షించడం

కాలిన నికెల్-జింక్ ముక్క ముదురు బూడిద లేదా నలుపు రంగులో ఉండి, తట్టితే గణగణమనాలి. సాంద్రతను ఆర్కిమెడిస్ పద్ధతిలో కొలవాలి: పొడి బరువు, నీటిలో రెండు గంటలు మరిగించి తీసిన తరువాత తడి బరువు, నీటిలో వేలాడదీసిన బరువు. పొడి బరువును తడి, వేలాడే బరువుల తేడాతో భాగించి నీటి సాంద్రతతో గుణిస్తే వస్తుంది. మన కూర్పుకు స్ఫటికం నుంచి లెక్కించిన సాంద్రత 5.33, కాబట్టి 5.1 వచ్చిందంటే దాదాపు 96 శాతం.

పర్మియబిలిటీకి వలయం మీద పది చుట్లు తీగను బిగించకుండా చుట్టి, 10 కిలోహెర్ట్జ్ వద్ద ఇండక్టెన్స్ కొలవాలి. బిగువు ముక్కలో ఒత్తిడి పుట్టించి కొలతను మారుస్తుంది. బయటి వ్యాసం 16.8, లోపలిది 8.4, ఎత్తు 5 మిల్లీమీటర్లు ఉంటే, పది చుట్లకు పర్మియబిలిటీలో ప్రతి ఒక్క అంకెకు 69.3 నానోహెన్రీలు వస్తాయి. మీటరు 27.7 మైక్రోహెన్రీలు చూపితే పర్మియబిలిటీ 400 అన్నమాట.

సాంద్రత బాగుండి పర్మియబిలిటీ తక్కువగా ఉంటే, ముక్కను విరిచి మెరుగుపెట్టి మైక్రోస్కోపులో చూడాలి. రేణువుల లోపల రంధ్రాలు కనిపిస్తే పై వేడిలో తొందరపడ్డట్టు. రేణువులు మరీ చిన్నవైతే నిలుపుదల చాలనట్టు. రెండూ బాగుండి నిరోధకత మాత్రం పడిపోతే, విరిచిన ముక్క నడిబొడ్డునూ, పై పొరనూ విడిగా రెండు సూదులతో కొలవాలి. పై పొర బాగుండి లోపలి భాగమే తక్కువ చూపితే, చల్లార్చడంలో ఆక్సిజన్ లోపలికి చేరలేదన్నమాట. దిగే వేగాన్ని నిమిషానికి ఒక డిగ్రీకి తగ్గించి మళ్ళీ కాల్చాలి. పై పొర ఒక్కటే తక్కువ చూపితే జింక్ పోయినట్టు; పడక పొడిని మార్చాలి. అంతటా ఒకేలా తక్కువగా ఉంటే కొలిమిని కదపవద్దు. గుళ్ళ తూకాల పుస్తకం తీసి, అరిగిన ఉక్కును 1.43తో గుణించి, తరువాతి విడత ఫెర్రిక్ ఆక్సైడ్ తూకంలో అంత తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాలి.